నాలుగో నంబరు గదిలో వసంతం

ఈ కథ మీలో కొందరు నా నోటే విన్నారు. మౌంట్ ఆల్బర్ట్‌లో మిత్రుల ఇళ్ళలో, టౌరంగాలో మా పెరట్లో బార్బెక్యూ చుట్టూ నిలబడి, ఉగాది కార్యక్రమం అయ్యాక హాల్లో కుర్చీలు మడతపెడుతూ చాలాసార్లు చెప్పాను. "రేయ్, ఆ ప్రొఫెసర్ కథ చెప్పరా, వీళ్ళు వినలేదు" అని ఎవరో ఒకరు అడిగేవారు. నేను మొదలుపెట్టేవాణ్ణి. ఈ కివీల దేశానికి దక్షిణ కొసన, ఇన్వర్‌కార్గిల్‌లో కోల్డ్ స్టోరేజీలో మాతో ఒక చైనా పెద్దాయన పనిచేసేవాడనీ, టెంపరేచర్ షీటు నింపమంటే కవిత్వం రాసేవాడనీ, ఒకరోజు ఫ్రీజర్‌లో వసంతం వచ్చిందని రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడనీ చెప్పేవాణ్ణి. ఆయన నడక నడిచి చూపించేవాణ్ణి. ఆయన ఇంగ్లిష్ మాట్లాడి చూపించేవాణ్ణి. మీరు పగలబడి నవ్వేవారు. అందులో మీ తప్పేమీ లేదు. నవ్వొచ్చేలాగే చెప్పాను.

ఆ కథలో ఒక సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. ఆయన రాసింది చదవడం నాకు వచ్చు. ఆ రోజూ చదివాను. చదివి, కింద సంతకం పెట్టాను.

ఈ జూలైలో ఒక శనివారం పొద్దున ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అప్పట్లో ఆ కోల్డ్ స్టోరేజీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపిన సమోవా ఆవిడ పంపింది. "ప్రొఫెసర్ పోయాడు. వచ్చే గురువారం అంత్యక్రియలు. నీకు చెప్పాలనిపించింది. మీరిద్దరూ అంత బాగా ఉండేవాళ్ళు కదా." ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. వంటింట్లో మా ఆవిడ ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతోంది. నేను బల్ల దగ్గర కూర్చుని, పదిహేనేళ్ళుగా ఆమెకు కూడా చెప్పనిది చెప్పాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన పేరుకి నావల్ల జరిగిన చెడు చాలు.

మొదటిసారి ఆయన్ని చూసింది కార్ పార్కులో. అది నా మొదటి చలికాలం. దక్షిణం గాలి సముద్రం మీదుగా సూటిగా వచ్చి మొహాన్ని కొడుతోంది. ఆయన తల మీద రెండు టోపీలున్నాయి, ఒకటి ఉన్నిది, దాని మీద కంపెనీది. చేతిలో స్టీలు థర్మాస్. మర్యాదకి పలకరించాను.

"చాలా చలిగా ఉంది అంకుల్."

ఆయన ఆగి నన్ను పైనుంచి కిందికి చూశారు. "అంకుల్? నేను నీ నాన్న తమ్ముడా?"

"కాదు. మా దేశంలో పెద్దవాళ్ళని అలా పిలుస్తాం."

"సరే. అయితే ఏ చలి?"

"ఏ చలి ఏంటి? చలి."

"చలి అనేది చిన్నపిల్లల మాట." ఆయన కాలెత్తి నేల మీద గట్టిగా తొక్కారు. బురద చిందింది. "మా ఊళ్ళో ఒక మాట ఉంది. థ్యెన్ హాన్ దీ దొంగ్. పైన ఆకాశం చల్లబడింది, కింద నేల గడ్డకట్టింది. ఇక్కడ నేల మెత్తగా ఉంది. కాబట్టి ఆ చలి కాదు ఇది." అని, పరీక్ష పేపరు దిద్దేసినవాడిలా లోపలికి వెళ్ళిపోయారు.

చైనాకి పై కొసన, రష్యా సరిహద్దుకి దగ్గర్లో ఏదో పట్నంలో ఆయన బడిపంతులుగా పనిచేశారని తర్వాత తెలిసింది. కూతురు ఇక్కడ ఫార్మసీలో ఉద్యోగం చేస్తుంటే, రిటైరయ్యాక భార్యతో కలిసి వచ్చేశారు. ఊరికే కూర్చోలేక మా కోల్డ్ స్టోరేజీలో చేరారు. పంతులుగారని తెలిశాక అందరూ ప్రొఫెసర్ అనేవారు. ఆ పిలుపులో గౌరవం కంటే వెటకారమే ఎక్కువ. ఆయనకది తెలుసో లేదో ఎప్పుడూ కనిపెట్టలేకపోయాను.

ఆయన ఇంగ్లిష్, నా ఇంగ్లిష్ కలిపినా ఒక నిండు వాక్యం అయ్యేది కాదు. అయినా స్మోకోలో, అంటే పొద్దుటి టీ విరామంలో, ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. మిగతావాళ్ళు టీ, కాఫీ తాగితే ఆయన ఉత్త వేణ్ణీళ్ళు తాగేవారు. నా వైపు వేలు చూపించి, "ఈరోజు ఏ చలి?" అని అడిగేవారు. చెప్పిన జవాబుకి పెన్సిల్‌తో పేపర్ న్యాప్‌కిన్ మీద మార్కులు వేసేవారు. నాకెప్పుడూ వందకి అరవై దాటలేదు.

ఒకరోజు బయట గాలి మరీ ఎక్కువగా ఉంది. ఆయన న్యాప్‌కిన్ మీద నాలుగు అక్షరాలు రాసి, "హాన్ ఫెంగ్ త్స్ గూ" అన్నారు. చలిగాలి ఎముకలో గుచ్చుకుంటుందని చేతులతో చేసి చూపించారు.

"మా భాషలోనూ ఉంది. ఎముకలు కొరికే చలి అంటాం" అన్నాను.

"కొరకడమా? గుచ్చడం కాదా?" చాలాసేపు ఆలోచించారు. "మీ చలికి పళ్ళున్నాయి. మా చలికి సూదులున్నాయి. బావుంది." వేణ్ణీళ్ళు ఒక గుక్క తాగి అడిగారు. "మీ ఊళ్ళో చలి కొరికినప్పుడు ఎన్ని డిగ్రీలు?"

మాది కాకినాడ పక్క. నేను నిజాయితీగానే చెప్పాను. "పద్దెనిమిది."

"మైనస్?"

"కాదు. ప్లస్."

ఆయన కప్పు కింద పెట్టేశారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. కళ్ళు తుడుచుకుని, లేచి, బల్ల బల్లకీ వెళ్ళి చెప్పారు. "వాళ్ళ ఊళ్ళో పద్దెనిమిదికి ఎముకలు విరుగుతాయి!" ఆ రోజు నుంచి నేను ఆయనకి హాట్ కంట్రీని. మా ఆవిడ కరీంనగర్ పిల్ల అనీ, వాళ్ళు చలిని ఇగం అంటారనీ చెబితే, ఆ మాట నాతో రెండుసార్లు అనిపించుకుని, తన లిపిలో జేబు పుస్తకంలో రాసుకున్నారు. "ఒకే దేశం, రెండు చలులు. నీ భార్యకి ఎనభై మార్కులు" అన్నారు.

పనిలో ఆయన తీరు వేరుగా ఉండేది. మా దగ్గర ఫ్రీజర్ గదులు అయిదు. ఎగుమతికి వెళ్ళే గొర్రె మాంసం అట్టపెట్టెలు కప్పు దాకా పేర్చి ఉండేవి. గంట గంటకీ ప్రతి గది తలుపు మీదున్న డిస్‌ప్లేలో అంకె చూసి షీటులో ఎక్కించాలి. అందరూ తలుపు దగ్గరే నిలబడి అంకె రాసేసి వచ్చేవాళ్ళం. ఆయన మాత్రం లోపల ఎవరో ఉన్నట్టు తలుపు మీద రెండుసార్లు తట్టి, లోపలికి వెళ్ళి, చివరి వరస దాకా నడిచేవారు. థర్మాస్ మూతలోంచి ఒక్క నీటిబొట్టు ఇనుప కమ్మీ మీద వేసి, నోట్లో లెక్కపెట్టేవారు. అది గడ్డకట్టాకే బయటికొచ్చేవారు. దీ ష్వే చెంగ్ బింగ్. కారే నీటిబొట్టు మంచుగడ్డ అవుతుంది. ఆయన దృష్టిలో ఫ్రీజర్‌కి ఉండవలసిన చలి అదొక్కటే.

షీటులో అంకె పక్కన రిమార్క్స్ అని ఒక గడి ఉండేది. అందరం ఓకే అని రాసేవాళ్ళం. ఆయనకి ఓకే అంటే చిరాకు. "ఓకే ఎంత చల్లగా ఉంటుంది?" అనేవారు. ఇంగ్లిష్‌లో రాయబోతే ఒక్కో గడికి పది నిమిషాలు పట్టేది. అప్పటికి నన్ను షిఫ్ట్ ఇన్‌చార్జిని చేశారు. ఆయన షీటు పట్టుకుని నా గదికి వచ్చి అడిగారు.

"చైనీస్‌లో రాయనా? త్వరగా అవుతుంది."

నేను నవ్వి అన్నాను. "రాయండి అంకుల్. మీరు నేర్పిన చలి మాటలు ఆరున్నాయిగా. ఆ ఆరింట్లో ఏది రాసినా నేను చదువుకుంటాను."

ఇది నేను ఎవరికీ చెప్పని రెండో సంగతి. ఆ కవిత్వం ఆయన తన ఇష్టానికి రాయలేదు. అనుమతి ఇచ్చింది నేను.

రెండేళ్ళు అలాగే నడిచింది. ఫ్రీజర్ గదుల ఎదురుగా ఎప్పుడూ నీటిబొట్టు మాటే. సరుకు ఎక్కించే డాక్‌కి మాత్రం ఆయన మరో మాట వాడేవారు. చున్ హాన్ ల్యావ్ ఛ్యావ్. చలికాలం పోయి వసంతం వచ్చినా ఇంకా వదలని సన్నటి చలి. డాక్ దగ్గర అలా ఉండొచ్చు. అక్కడ సరుకు పావుగంట కంటే ఉండదు. షీట్ల మీద సంతకాలు పెడుతున్నప్పుడు ఆ రెండు మాటలూ మన అక్షరాలంత సులువుగా కంటికి ఆనేవి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి ఆయన నా గది గుమ్మంలోకి వచ్చారు. షీటు బల్ల మీద పెట్టి, ఒక గడి మీద వేలు ఆనించారు. నాలుగో నంబరు గది. అంకె మైనస్ పద్దెనిమిది. పక్కన వసంతం మాట.

"నంబర్ ఫోర్. వసంతం" అన్నారు.

"డిస్‌ప్లే మైనస్ పద్దెనిమిది చూపిస్తోంది కదా అంకుల్."

"డిస్‌ప్లే చలి వేరు. గది చలి వేరు. నీటిబొట్టు కూర్చుని ఉంది. నేను నలభై దాకా లెక్కపెట్టాను."

నేను గడియారం చూసుకున్నాను. ఆ రోజు నా మొదటి కారు తెచ్చుకోవాలి. పాత కొరోలా. అమ్మేవాడు నాలుగింటి దాకానే ఉంటానన్నాడు. "సోమవారం చూద్దాం" అన్నాను. సంతకం పెట్టాను. ఆయన ఇంకో క్షణం నిలబడ్డారు. "సోమవారం ఎండాకాలం" అన్నారు. నేను జోకనుకుని నవ్వాను. జాకెట్ తీసుకుని బయల్దేరాను.

సోమవారం పొద్దున నాలుగో గదిలో అట్టపెట్టెలు వేలుతో నొక్కితే సొట్టపోయాయి. వెనక తలుపు రబ్బరు చిరిగి మూడు నాలుగు రోజులుగా బయటి గాలి లోపలికి వస్తోంది. సెన్సర్ చుట్టూ మంచు పేరుకుపోయింది. అది ఆ మంచు చలినే తలుపు మీద చూపిస్తూ కూర్చుంది. గది మొత్తం సరుకు పారేయాల్సి వచ్చింది.

మధ్యాహ్నం మేనేజర్ మా ఇద్దర్నీ పిలిచాడు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, ఆ మేనేజర్ గురించి నాకు ఫిర్యాదూ లేదు. అతను అడగవలసిన ప్రశ్నే అడిగాడు. షీటు ఎత్తి పట్టుకుని, "ఈ గీతలేంటి?" అన్నాడు.

ప్రొఫెసర్ చెప్పబోయారు. "నేను రాశాను. నంబర్ ఫోర్. వసంతం. మంచు కాదు."

"వసంతమా? ఇది ఫ్రీజర్, మేట్." మేనేజర్ నా వైపు తిరిగాడు. "నువ్వు దీని కింద సంతకం పెట్టావు. ఇది నీకు చదవడం వచ్చా?"

అప్పటికి నా రెసిడెన్స్ అప్లికేషన్ ఇమిగ్రేషన్‌లో ఉంది. ఉద్యోగం పోతే అదీ పోతుంది. మా ఆవిడకి అయిదో నెల. ఇవి కారణాలే గానీ జవాబు కాదు. ప్రొఫెసర్ నా మొహం చూస్తున్నారు. భయపడుతూ కాదు. రోజూ స్మోకోలో ప్రశ్న అడిగి ఎదురుచూసినట్టే చూస్తున్నారు. నాకు తెలిసిన ప్రశ్న అడిగారని ఆయన నమ్మకం.

"రాదు" అన్నాను. "నేను అంకె చూసి సంతకం పెట్టాను."

శుక్రవారం నోటితో కూడా చెప్పానని ఆయన అనొచ్చు. నువ్వే రాయమన్నావని అనొచ్చు. ఆ మాత్రం ఇంగ్లిష్ ఆయనకి వచ్చు. కానీ నేను రాదు అన్నాక ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. టోపీలు రెండూ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తెలియని భాషలో రికార్డులు రాసి, ప్రమాదాన్ని రిపోర్టు చెయ్యలేదని ఆయన్ని తీసేశారు. నాకు మందలింపు కాగితం ఇచ్చి వదిలేశారు. ఆ తర్వాత ఎవరు చిన్న పొరపాటు చేసినా "ప్రొఫెసర్ పని చేశాడు" అనడం అక్కడ అలవాటైపోయింది. నేనూ అన్నాను. ఊళ్ళో ఇంకో కోల్డ్ స్టోరేజీ ఆయన్ని తీసుకోలేదు.

మళ్ళీ ఒక్కసారే ఎదురుపడ్డాం. ఎనిమిది నెలల తర్వాత, సూపర్ మార్కెట్లో. నా చంకలో పాప ఉంది, రెసిడెన్స్ అప్పటికే వచ్చేసింది. ఆయన కాబేజీలు ఒక్కొక్కటీ ఎత్తి బరువు చూస్తున్నారు. నేను ట్రాలీ తిప్పేసి పక్క వరసలోకి జారుకోబోయాను.

"హాట్ కంట్రీ!"

తప్పలేదు. ఆయన వచ్చి పాప బుగ్గ మీద వేలి వెనక వైపు ఆనించి, "ఈమెకి చలి లేదు, మంచిది" అన్నారు. నేను ఆరోగ్యం ఎలా ఉందని అడిగాను. బావుందన్నారు.

"నీకు ఇంకో మాట నేర్పడం మర్చిపోయాను" అన్నారాయన. జేబులోంచి పెన్సిల్ తీసి నా కొనుగోలు చీటీ వెనక రాశారు. "జిన్ రువో హాన్ ఛాన్. ఇది వాతావరణానికి కాదు. మనిషికి. వేసవిలో చెట్టు మీద రొద పెట్టే పురుగు ఉంటుందే, చలి రాగానే అది నోరు మూసుకుంటుంది. భయంతో. మాట్లాడాల్సిన చోట మాట్లాడని మనిషిని అలా అంటాం."

నాకు చెవులు వేడెక్కాయి. ఆయన నా భుజం తట్టారు.

"చెడ్డ పురుగు కాదు" అన్నారు. "చలి ఎక్కువ. అంతే." కాబేజీ సంచీలో వేసుకుని వెళ్ళిపోయారు.

అప్పుడు పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకోవాల్సింది. పక్క వరసలో డైపర్లు తీసుకున్నాను. మరుసటి ఏడు టౌరంగాలో కివీ పళ్ళ కోల్డ్ స్టోరేజీలో మంచి ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాం. దూరం పెరిగేకొద్దీ ఆ సంగతిని కథగా చెప్పడం మొదలుపెట్టాను. నవ్వుతూ చెబితే నా పాత్ర ఎవరికీ కనబడదని మొదటిసారే తెలిసింది. తర్వాత అలవాటైంది. సూపర్ మార్కెట్ ముక్క మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఇదంతా విన్నాక మా ఆవిడ స్టవ్ ఆపేసింది.

"గిన్నేండ్లు ఆ పెద్దాయన మీద అందరినీ నవ్విచ్చినవ్. నేను గూడ నవ్విన" అంది.

"అవును."

"ఇప్పుడేం జేస్తవ్?"

"పూలు పంపుదామనుకుంటున్నాను. ఒక కార్డు..."

"పూలా?" అంది. "టికెట్ చెయ్యి. పోయి వాళ్ళింటోళ్ళ మొకం మీద చెప్పు. పూలు నేను తర్వాత పంపుత."

గురువారం ఇన్వర్‌కార్గిల్‌లో వాన. చిన్న హాలు, పాతికమంది ఉంటారేమో. ఫోర్క్‌లిఫ్ట్ ఆవిడ వచ్చింది. కోల్డ్ స్టోరేజీ పాతవాళ్ళు ఇంకో ముగ్గురు వచ్చారు. వాళ్ళలో ఒకడు నన్ను చూడగానే, "ప్రొఫెసర్, ఆ వసంతం, గుర్తుందా?" అని కన్నుగీటాడు. గుర్తుందన్నాను. కొంచెం సేపు ఉండు, చెప్పాల్సింది ఉందన్నాను.

కార్యక్రమం అయ్యాక టీ బల్ల దగ్గర ఆయన కూతురికి నేనెవరో చెప్పుకున్నాను. ఆమెతో, ఆమె తల్లితో మాట్లాడాలని వచ్చానని చెప్పి, తల్లికి తర్జుమా చెయ్యమని అడిగాను. ఆమె నన్ను కిటికీ పక్కన కుర్చీలో ఉన్న పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు వాక్యాలు చెప్పానో లేదో, పెద్దావిడ చెయ్యెత్తి కూతుర్ని ఆపేసింది.

"నాకు ఇంగ్లిష్ తెలుసు. నెమ్మదిగా చెప్పు" అంది.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. వెనక కోల్డ్ స్టోరేజీ వాళ్ళు కప్పులు పట్టుకుని నిలబడ్డారు. శుక్రవారం నుంచి సోమవారం దాకా జరిగింది మొత్తం చెప్పాను, రాయమన్నది నేనేనన్న మాటతో సహా.

"ఆయన ఇంటికి వచ్చి, నేను రాశాను అన్నాడు" అంది ఆమె. "రాస్తే ఎందుకు పంపేస్తారు అని నేను అడిగాను. ఆయన చెప్పలేదు. చాలాసార్లు అడిగాను. మర్చిపోయి ఉంటాడు, సిగ్గుపడి అబద్ధం ఆడుతున్నాడు అనుకున్నాను." ఆమె ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. "పదిహేనేళ్ళు అలాగే అనుకున్నాను. ఆయనతో కూడా అన్నాను. ఆయన రాశాడా?"

"రాశారు."

"నువ్వు చదివావా? ఆ రోజే?"

"ఆ రోజే చదివాను. నోటితో కూడా చెప్పారు. నేను వినిపించుకోలేదు."

ఆమె కూతురి వైపు చూసి వాళ్ళ భాషలో ఏదో అంది. కూతురు మొహం తిప్పుకుంది.

నేను లేచి నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను. "ఆయన పని ఆయన సరిగ్గా చేశారు. తప్పు చేసింది నేను. అడిగినప్పుడు నాకు చదవడం రాదని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధంతో నా ఉద్యోగం నిలబెట్టుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను. తర్వాత ఆయన్నే నవ్వులాటగా ఊరూరా చెప్పుకున్నాను." మళ్ళీ ఆమె వైపు తిరిగాను. "ఆయన బతికుండగా రావలసింది, రాలేదు. ఆయన మీతో అబద్ధం ఆడలేదు. నేనాడాను. క్షమించండి."